ఆ ఒక్క చెట్టు తప్పించి

మా కాలేజీ పత్రికకు రెండు పేజీలు రాసిమ్మని ప్రిన్సిపాల్ గారు అడిగారు. విషయం కూడా ఆయనే ఇచ్చారు. కృత్రిమ మేధ వచ్చేసిన ఈ రోజుల్లో లా చదువు ప్రయోజనం ఏమిటి? చివర్లో కాస్త ఆశాజనకంగా ఉండాలన్నారు, తల్లిదండ్రులు కూడా చదువుతారట. నేను నూజివీడు కోర్టులో ప్రాక్టీసు చేసుకుంటూ, వారంలో రెండు మధ్యాహ్నాలు ఆ కాలేజీకి వెళ్ళి ఆస్తి చట్టం పాఠం చెప్తాను. ఆశాజనకంగా రాద్దామని కూర్చున్నప్పుడల్లా నాకు ఆగిరిపల్లి వైపున్న ఒక మామిడితోట గుర్తొస్తోంది. చివరికి రాసిందేమో ఇది. దీన్ని ఆయన వేసుకోరు, వేసుకోమని నేనూ అడగను.

ఈమధ్య క్లాసు ఎలా ఉంటుందో ముందు చెప్తాను. నేను ప్రశ్న పూర్తి చేసేలోపే జవాబు వచ్చేస్తుంది. తలలు వంచుకుని ఫోన్లలో చూసి చదువుతారు. సెక్షన్లు, తీర్పులు, మినహాయింపులు, అన్నీ వరసగా, తప్పు లేకుండా. ఒకప్పుడు ఇదే క్లాసులో దారి హక్కు మీద ఇద్దరు పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు. ఇద్దరూ చెప్పింది తప్పే. ఆ తప్పు ఎందుకు తప్పో తేల్చడానికి నాకు గంట పట్టింది, ఆ గంటలో వాళ్ళు నేర్చుకున్నది జన్మలో మర్చిపోరు. ఇప్పుడు తప్పు చెప్పేవాళ్ళే లేరు. ఉప్పు లేని పప్పు తిన్నట్టుంటుంది. కోప్పడదామంటే దేనికని కోప్పడను? చెప్పింది కరెక్టే కదా.

నాకు పని నేర్పిన సీనియర్ గారు ఇప్పుడు లేరు. ఆయన ఆఫీసులో చేరిన కొత్తలో ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. కక్షిదారు వచ్చి కూర్చోగానే ఈయన మజ్జిగ తెప్పించి, ఈ ఏడు పూత ఎట్టా ఉంది అని మొదలుపెట్టేవారు. మా వైపు మనుషులకు అసలే అసలు విషయం ముందు చెప్పే అలవాటు లేదు. గట్టు తగాదా అని వచ్చినవాడు వాళ్ళ తాత రెండో పెళ్ళి దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. పక్కన కలం పట్టుకుని నేను రాసుకోవడానికి ఒక్క ముక్క దొరికేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక, సూటిగా అడిగేస్తే పోదా అండీ అన్నాను.

"మాట్లాడనివ్వమ్మా. ఏది అసలు సంగతో వాళ్ళకి కూడా తెలీదు. మజ్జిగ తాగుతా ఉంటే అదే బయటపడుద్ది" అన్నారాయన.

ముసలాయన చాదస్తం అనుకున్నాను. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ నేనూ మజ్జిగ తెప్పించడం మొదలుపెట్టాను. మా జూనియర్లు నన్ను చూసి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనివ్వండి.

ఇక ఆ అమ్మాయి సంగతి. మా కాలేజీలో ఆఖరి సంవత్సరం. వాళ్ళ తాత కాలం నుంచీ వాళ్ళది తోట కాపలా. మామిడి ప్రాంతం కాని వాళ్ళకు ఇది చెప్పాలి. మా దగ్గర చాలా తోటల్లో ఒక గుడిసో, రేకుల పాకో ఉంటుంది. కూలి కుటుంబం ఒకటి అందులో కాపురం ఉండి, పూత నుంచి కోత దాకా కోతుల్నీ దొంగల్నీ తోలుతూ, మిగతా రోజుల్లో తవ్వకాలూ నీళ్ళూ చూసుకుంటూ ఉంటుంది. ఆమె తండ్రి, ఆమె, ఇద్దరూ ఆ పాకలోనే పుట్టారు. ఆమె అక్కడే దీపం పెట్టుకుని చదివింది. లాలో సీటొచ్చిన రోజు నుంచీ తండ్రి ఆమెను పేరు పెట్టి పిలవడం మానేశాడట. లాయరమ్మా అంటాడట. పేరు బాగానే ఉంది కదా నాన్నా అంటే, పేరు అందరికీ ఉంటుంది అన్నాడట.

ఆమె క్లాసులో రెండో బెంచీలో కూర్చునేది. ఫోను తీసేది కానీ, జవాబు చూశాక పుస్తకంలో మళ్ళీ వెతుక్కునేది. రెండూ కలిస్తే మొహం వెలిగేది. ఏటా ఎండాకాలం సెలవులయ్యాక నాకు మామిడి తాండ్ర పట్టుకొచ్చేది. మందంగా, పీచు లేకుండా, నోట్లో పెట్టుకుంటే వదలబుద్ధి కాదు. లంచం ఇస్తున్నావా అమ్మాయ్ అని నేను, మార్కులు వెయ్యరుగా మేడమ్ అని ఆమె. ఆమె అంటే నాకు ఇష్టం. ఈ ఏడు పరీక్షలు రాసి, లాయరుగా ఎన్రోల్ అయ్యి, నా దగ్గరే జూనియర్‌గా చేరాలని మా ఇద్దరి మధ్యా మాట.

తోట యజమాని, పెద్దాయన, కిందటేడు పోయారు. పిల్లలు హైదరాబాదులో ఉంటారు. వాళ్ళకు తోట చేసే ఓపికా లేదు, తీరికా లేదు. అమ్మేస్తున్నారని, కొనేవాళ్ళు చెట్లు కొట్టేసి పామాయిల్ పెడతారని కబురొచ్చింది. ఇందులో వింత లేదు. మా చుట్టుపక్కల తోటలు ఒక్కొక్కటే అలాగే పోతున్నాయి. పాకలో ఉన్న కుటుంబాన్ని ఖాళీ చెయ్యమని ఇంకా ఎవరూ అనలేదు. పిందె పడుతున్న రోజులవి. కోత అయ్యాక చూద్దామనుకుని ఉంటారు.

ఆ ఆదివారం పొద్దున తండ్రి కూతుర్ని అడిగాడు. ఇన్నేళ్ళున్నాం కదా, మనకేమన్నా హక్కుంటుందా అని. ఆమె తనకు తెలిసింది చెప్పబోయి, తప్పు చెప్తానేమోనని భయపడి ఫోను తీసింది. ప్రశ్న తెలుగులోనే అడిగింది. తండ్రికి చదువు రాదు కాబట్టి జవాబు పైకి చదివేలా పెట్టింది. పాక ముందు నులకమంచం మీద ఇంటిల్లిపాదీ కూర్చుని విన్నారు. కాపలాదారు యజమాని తరఫున మాత్రమే ఉంటాడు, ఎన్ని సంవత్సరాలున్నా ఆ ఆస్తి మీద అతనికి ఎటువంటి హక్కూ రాదు, అని స్పష్టమైన తెలుగులో చెప్పిందది. ఆ చెప్పేది ఎవరని తండ్రి అడిగాడు. చట్టాలన్నీ చదివింది నాన్నా, అంది ఈమె. చివర్లో అది, దగ్గరలో ఉన్న న్యాయవాదిని సంప్రదించండి అని కూడా చెప్పిందట. తండ్రి నవ్వి, న్యాయవాది మన పక్కనే కూర్చుందిగా అన్నాడట. నిజమేనా అమ్మా అని అడిగాడట. ఈమె తన పుస్తకం తీసి చూసింది. రెండూ కలిశాయి. నిజమే నాన్నా అంది.

మంగళవారం సాయంత్రానికి పాక ఖాళీ. ఎవరూ వెళ్ళమనలేదు, నోటీసు లేదు, మనిషి రాలేదు. తండ్రే తాళంచెవి తీసుకెళ్ళి, ఈ ఏడు కాపు కొనుక్కున్న షావుకారుకిచ్చి, హైదరాబాదు బాబులకు అందజెయ్యండి అని చెప్పి వచ్చాడు. ఆగిరిపల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. సామాను ఒక్క ట్రాలీ ఆటోలో పట్టేసింది.

ఇదంతా ఆ అమ్మాయి గురువారం క్లాసయ్యాక వరండాలో నాకు చెప్పింది. బాధగానే చెప్పింది కానీ, అందులో కొంచెం గర్వం కూడా ఉంది. చట్టం తెలుసుకుని నడుచుకున్నామన్న గర్వం.

"ఎందుకు ఖాళీ చేశారే?" అన్నాను. విద్యార్థుల్ని నేను అట్లా పిలవను. ఆరోజు పిలిచాను.

ఆమె బిత్తరపోయింది. "అది తప్పు చెప్పిందా మేడమ్?"

"లేదు. కరెక్టే చెప్పింది."

"మరి?"

మరి. ఆ ఒక్క మాటకు జవాబు చెప్పాలంటే నేను ఇన్నేళ్ళూ చేసిన పని మొత్తం చెప్పాలి. హక్కు లేకపోవడం వేరు, ఈరోజే లేచి వెళ్ళిపోవడం వేరు. ఆ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది, మా వృత్తి బతికేది ఆ దూరంలోనే. కొనేవాడికి తోట ఖాళీగా కావాలి. పాకలో మనుషులుంటే వాడు యజమానిని అడుగుతాడు, యజమాని వచ్చి వీళ్ళతో మాట్లాడతాడు, మాట్లాడటానికి వచ్చినప్పుడు వీళ్ళూ ఏదో అడగొచ్చు. కోర్టుకు పోతే వాయిదాలుంటాయి. వాయిదాల మధ్య ఒక కాపు, ఇంకో కాపు. చివర్లో కోర్టు బయట టీకొట్టు దగ్గర రాజీ. దీన్ని సాగతీత అంటారు. అనండి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడన్న సామెత మమ్మల్ని చూసి పుట్టిందే. కానీ లేనివాడికి చట్టంలో దొరికే చోటు చాలాసార్లు ఆ సాగతీతలోనే ఉంటుంది. నేనైనా ఆ తండ్రికి హక్కు లేదనే చెప్పేదాన్ని. చెప్పి, కదలకండి అనేదాన్ని.

ఇదంతా ఆమెతో అనలేదు. ఆమె మొహంలో రంగు అప్పటికే మారిపోతోంది. ఏదో ఒకటి అనాలి కదా అని, అయితే ఈ ఏడు నాకు తాండ్ర లేనట్టేనా అన్నాను.

"లేదు మేడమ్. అది మా చెట్టు కాయలతో పెట్టేది" అంది.

మీ చెట్టేమిటి అన్నాను. అప్పుడు చెప్పింది. పాక పక్కన ఒక పెద్ద రసం మామిడి చెట్టుంది. వాళ్ళ తాత ఒకసారి గాలివానలో తోటను కనిపెట్టుకుని ఉన్నందుకు, అప్పటి యజమాని ఆ చెట్టు మీదేనని మాటిచ్చాడు. అప్పటినుంచీ ఏటా పూత మీద తోట కాపు అమ్మేటప్పుడు, యజమాని షావుకారుతో బేరం ముగించే ముందు ఒక మాట అంటాడు. ఆ ఒక్క చెట్టు తప్పించి. తెలుసులెండి అంటాడు షావుకారు. షావుకార్లు మారారు, యజమాని కూడా తండ్రి పోయి కొడుకయ్యాడు, ఆ మాట మారలేదు. కోతకొచ్చిన కూలీలు ఆ చెట్టు మీద కాయలు దింపే చిక్కం వెయ్యరు. దానికి నీళ్ళు పెట్టేది, మందు కొట్టేది, కొమ్మలు కొట్టేది వీళ్ళే. పండ్లు వీళ్ళే కోసుకుని చుట్టాలకిన్ని పంచి, మిగిలినవి తాండ్ర పోసేవారు. ఈ ఏడూ పెద్దాయన కొడుకు ఫోనులో బేరం చేస్తూ అదే మాట అన్నాడట.

నా సీనియర్ గారు బతికుంటే కుర్చీలో ముందుకు జరిగేవారు. రెండు తరాల యజమానులు నోటితో ఒప్పుకుంటూ వచ్చిన సంగతి. ఊళ్ళో అరడజను మంది షావుకార్లను బోనెక్కించినా కాదనలేని సంగతి. దీంతో కేసు గెలుస్తామని కాదు. ఓడిపోతామనే నా లెక్క. కానీ వీళ్ళు ఉత్త కాపలావాళ్ళు కారు, వీళ్ళకంటూ అక్కడ ఏదో ఉంది అని చెప్పడానికి నిలబడే చోటు అది. నిలబడే చోటుంటే జడ్జి గారు కూడా ఒక్క క్షణం ఆగి చూస్తారు.

"ఈ చెట్టు సంగతి దానికి చెప్పావా?" అన్నాను.

"లేదు మేడమ్. తాండ్ర సంగతి చట్టానికెందుకు అనుకున్నాను."

ఆమెను ఏమనగలను? అయిదేళ్ళూ మేము ఆమెకు ఇచ్చిన ప్రశ్నల్లో అన్నీ ముందే ఏరి పెట్టి ఉండేవి. ఫలానా వ్యక్తి ఫలానా ఆస్తిలో ఇన్నేళ్ళున్నాడు, అతని హక్కు చర్చించుము. అందులో గాలివాన ఉండదు, తాండ్ర ఉండదు. తన ఇంటి సంగతిని తనే అలాంటి పరీక్ష ప్రశ్నలా కుదించి అడిగింది ఆ పిల్ల. బాగా చదువుకున్నది కాబట్టే అంత శుభ్రంగా కుదించింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. సరిగ్గా అడిగిన దానికి అది సరిగ్గా పెట్టింది.

మర్నాడు కోర్టు బార్ రూములో కూర్చుని నేనూ అడిగి చూశాను. నాకు ఆ యంత్రం మీద ఉన్న కోపం కొద్దీ, అది తడబడితే చూడాలని. చెట్టు సంగతి, గాలివాన సంగతి, ఆ ఒక్క చెట్టు తప్పించి అన్న మాట, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. అది తడబడలేదు. నాకు తట్టిన పాయింట్లన్నీ చెప్పి, తట్టనివి రెండు కూడా చెప్పింది. షావుకార్ల సాక్ష్యం ముందే తీసుకోమంది. మా సీనియర్ గారు ముందుకు జరిగి అడిగినట్టే ప్రశ్నలు అడిగింది. మధ్యలో ఒక ప్రశ్న, ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే నివసిస్తోందా అని. లేదు, వెళ్ళిపోయారు అని టైపు కొట్టాను. అయితే పరిస్థితి గణనీయంగా బలహీనపడుతుంది అంది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. దాన్ని తిట్టుకునే వీలు కూడా నాకు మిగల్చలేదు.

అయినా ఊరుకోలేక ఆ శనివారం అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని స్కూటీ మీద తోటకు వెళ్ళాను. పాక రేకులు అప్పటికే విప్పేశారు. లోపల పొయ్యి గట్టు, గోడకు క్యాలెండరు మేకు కనిపిస్తున్నాయి. రసం చెట్టు నిండా పిందె. ఆమె చెట్టు దగ్గరకు వెళ్ళలేదు. దూరం నుంచే చూసి, ఈసారి కాపు బాగుంది మేడమ్ అంది. నేను చెట్టుకు, పాకకు, రెంటికీ ఫోటోలు తీశాను. ఎందుకు తీశానో తెలియదు. అలవాటు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా ఒక వృత్తే కదా.

సాయంత్రం పెద్దాయన కొడుక్కి ఫోన్ చేశాను. మా పుట్టింటివాళ్ళకూ తోటలున్నాయి కాబట్టి వాళ్ళు నాకు ఎరుకే. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ కుటుంబం అంటే నాన్నగారికి ఎంత అభిమానమో చెప్పాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని నేను సిద్ధంగా ఉన్నాను.

"రోడ్డు పక్కన ఇల్లేసుకునేంత జాగా వాళ్ళకి వదిలేద్దామనే అనుకున్నామండి. కొనేవాళ్ళు కూడా సరేనన్నారు, గొడవ లేకుండా ఖాళీ అయితే చాలన్నారు. ఈలోగా వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారు కదండీ. ఇక ఆ ముక్క కూడా కలిపే రాసేశాం" అన్నాడు.

ఇప్పుడేమన్నా చెయ్యొచ్చా అని అడిగాను. అగ్రిమెంటు అయిపోయిందండి అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటున్నట్టు. నమ్మాను. అతను అబద్ధమాడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఈ సంగతి అమ్మాయికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. చెప్పాను. నా దగ్గర పని నేర్చుకోబోయే మనిషికి దాచడం తప్పనిపించింది. ఆమె ఏడవలేదు. ఇంతకీ నేను అయిదేళ్ళు చదివింది దేనికి మేడమ్ అని అడిగింది. క్లాసులో అడిగే సందేహంలాగే, మామూలు గొంతుతో. నేను అప్పుడు చెప్పగలిగిన మంచి మాటలు చాలా ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారి పత్రికలో వేసుకోదగ్గవి. యంత్రం జవాబులిస్తుంది, మనం మనుషుల్ని వినాలి, అట్లాంటివి. నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. వినడం కూడా అది నేర్చుకుంటోందని నేను బార్ రూములో కూర్చుని చూశాను కదా. మజ్జిగ ఒక్కటే ఇవ్వలేదు. నాకు తెలియదమ్మా అన్నాను.

వాళ్ళ నాన్న నన్ను చూడాలంటున్నాడని తర్వాతి వారం ఆమె చెప్పింది. జాగా సంగతి తెలిసి తిడతాడేమో, తిడితే బాగుండు అనుకుంటూ ఆగిరిపల్లి వెళ్ళాను. ఇరుకు గది. మంచం పట్టక నిలబెట్టి గోడకు ఆనించారు. ఆయన నాకు కుర్చీ వేసి, తను గుమ్మం దగ్గర కూర్చున్నాడు. వద్దన్నా కూల్ డ్రింకు తెప్పించాడు. పనులెలా ఉన్నాయంటే, ఇప్పుడు హనుమాన్ జంక్షన్ దాకా కూలికి పోతున్నానండి అన్నాడు. అలవాటు తప్పి రోడ్డు మోతకు నిద్ర పట్టడం లేదట. రోడ్డు పక్కన జాగా సంగతి కూతురు ఆయనకు చెప్పలేదని నాకు కాసేపటికి అర్థమైంది. ఆమె స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది.

ఆయన నన్ను పిలిపించింది కృతజ్ఞత చెప్పడానికి.

"పక్క తోటలో మావాళ్ళనే, పోలీసుల్ని తెచ్చి సామాను బయట పడేశారండి. ఆడోళ్ళు రోడ్డు మీద కూర్చుని ఏడ్చారు. మాకా గతి పట్టలేదు. మా లాయరమ్మ ముందే చట్టం చూసి చెప్పింది. ఎవురూ పొమ్మనకముందే పరువుగా లేచొచ్చేశాం. మీరు చెప్పిన చదువు ఊరికే పోలేదండి అమ్మగారూ" అన్నాడు.

నన్ను చూస్తూ నవ్వుతున్నాడు. ఆమె ఇటు తిరగలేదు. నేను కూల్ డ్రింకు ఆఖరి చుక్క దాకా తాగి, నిజమేనండి అన్నాను.